అడ్డగీత లేని ఏ

గురువారం సాయంత్రాలు గ్రోనింగెన్‌లో
చర్చి వెనక హాల్లో రిపేరు బల్లలు వేస్తాం.
టోస్టర్లు, గొడుగులు, గొంతు పోయిన రేడియోలు.
కాఫీ ఉచితం. హామీ లేదు.

వీట్‌స్కె హూక్‌స్ట్రా ఊలు మేజోడులో చుట్టి తెచ్చింది
తన అరచేతి కంప్యూటర్ని.
బూడిదరంగు. సబ్బుబిళ్ళ కన్నా కాస్త పొడుగు.
వెనక మూత తీస్తే
రెండు సన్న బ్యాటరీలు ఉప్పు కక్కుకుని ఉన్నాయి.

వెనిగర్, దూది, పళ్ళు తోమే బ్రష్షు.
నేను గీకుతుంటే ఆమె చెప్పుకుపోయింది:
ముప్పై ఒక్కేళ్ళు కాలువ లాకు దగ్గర ఉద్యోగం,
నీళ్ళు ఎత్తి పడవల్ని పైకి, దించి కిందికి.
దాటిన ప్రతి పడవ పేరూ ఇందులోనే,
మంచులో చేతితొడుగు పళ్ళతో లాగి,
ఇదిగో, ఈ పుల్లతో.
పుల్ల ఇంకా ఉంది పక్క గాడిలో,
చివర కొరికిన గాట్లతో.

"దీనికి మన రాత రాదు" అంది,
చదువు అబ్బని చుట్టాన్ని వెనకేసుకొచ్చినట్టు.
"అందుకని నేనే నేర్చుకున్నా."
నలభై ఆరేళ్ళకి మళ్ళీ ఓనమాలు!
ఏ కి అడ్డగీత ఉండదు, ఉత్త గుడారం.
టీ కి తల ఒకవైపే.
ఎఫ్ కి నడుం లేదు.
అక్షరం పక్కన అక్షరం కాదు,
అక్షరం మీద అక్షరం, అదే చిన్న గడిలో.
రాసినవి రాసినట్టు పైకెళ్ళి
గేటు తెరిచాక పడవల్లా వరసకట్టేవి.

బ్యాటరీలు మార్చడానికి గడువు ఒక్క నిమిషం.
దాటిందా, అంతా మరుపే:
పడవలు, పుట్టినరోజులు, పళ్ళ డాక్టరు.
బయట ఇసుక పడవ హారన్ మోగుతున్నా
ఊపిరి బిగబట్టి మార్చేదట.

బల్ల మీద నా ఫోను వణికింది.
నేను వచ్చి రెండు గంటలైందట,
ఇంటికి పద్దెనిమిది నిమిషాలట, దారి ఖాళీయేనట.
అడగలేదు నేను.
దీని కోసం ఎప్పుడూ ఊపిరి బిగబట్టిందీ లేదు.
మొన్న మా హార్మ్ తండ్రి పోతే
రెండు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.
మొదటి మాట పడిందో లేదో
మిగతా వాక్యం అదే అందించింది.
బాగుంది వాక్యం.
నేనైతే అంత బాగా రాసేవాణ్ణి కాదు.
పంపేశాను.

వీట్‌స్కెకి మాత్రం పాత బెంగలేం లేవు.
ఆమె సంచిలోనూ ఉంది పెద్ద అద్దం ఫోను,
బీపీకి, వానకి, బస్సుకి,
ఓస్లోలో మనవరాలి ఊడిన పన్ను చూడ్డానికి.
"ఆ పన్ను దీన్లో కనపడుతుందా?" అని నవ్వింది,
మేజోడు మడతపెడుతూ.

కొత్త బ్యాటరీలు వేశాను.
తెర ఆకుపచ్చగా నిట్టూర్చింది.
స్వాగతం. గుర్తు మధ్యలో తాకండి.
ఒక్క పడవ లేదు. ఒక్క తేదీ లేదు.
పుట్టిన పూటే పోయి మళ్ళీ పుట్టినట్టు.

నొచ్చుకున్నాను.
"ఆ నిమిషం దాటి పదిహేడేళ్ళు" అంది,
"నాకు తెలియదా?"

పుల్ల తీసింది. కళ్ళజోడు పెట్టుకోలేదు.
చెయ్యి ఒక్కసారీ తడబడలేదు,
గడిలో గీత మీద గీత, గీత మీద గీత.
ఎన్నడూ అనుకోలేదు.
అది పడవ పేరట. తుప్పు పట్టిన ఇసుక పడవ.
ఇంకోటి రాసింది. ఇంకోటి.
వెనక హెయిర్ డ్రయ్యర్‌తో ఒకాయన నిలబడి ఉన్నాడు,
దగ్గాడు కూడా.
పదకొండు పడవలు దాటేదాకా
మేమిద్దరం గేటు ముందే ఆగాం.

వెళ్ళబోతూ మా రిజిస్టరులో సంతకం చేసింది.
"బాగైందా?" అన్న గడిలో
దారానికి కట్టిన నీలం పెన్నుతో
పెద్దక్షరాల్లో "యా" అని రాసింది.
మా భాషలో రెండక్షరాలు.
రెండోది గుడారం.