హూ కింద గీత

కోసిగి హైస్కూల్లో తొమ్మిదో తరగతి.
దీపావళి దాటితే నా హాజరుపట్టీ
చెద తిన్న చాప.
యాభై రెండు పేర్లు పిలిస్తే
పంతొమ్మిది గొంతులు.
తక్కినోళ్ళు యాడికి పోయినార్రా అంటే
"సుగ్గికి సార్" అంటారు,
తిరునాళ్ళకు అన్నంత మామూలుగా.

ఏటి అవతల కన్నడంలో
సుగ్గి అంటే కోతల సంబరం,
ఎడ్ల కొమ్ములకు రంగు, కళ్ళంలో రాశి.
ఏరు దాటి మా వైపు వచ్చేసరికి
ఆ మాట తలుపుకు తాళంకప్ప.
గుంటూరు దిక్కు పత్తి, ఆపైన మిరప,
అరచేతుల్లో మూడు నెలల మంట.
వాచకంలో దీన్ని మైగ్రేషన్ అన్నారు.
పక్కన కొంగల బొమ్మ వేశారు.

ఆ రోజు పాఠం రిలేటివ్ ప్రొనౌన్.
మనిషికి హూ. వస్తువుకు విచ్.
గొడ్డూగోదకూ విచ్చే.
ఇరవై మూడేళ్ళుగా ఇదే చెప్తున్నా.
సుద్దముక్కలు అరిగినాయి గానీ
సూత్రం అరగలేదు.

మన భాషలో ఈ పేచీ లేదు కదా,
వచ్చిన మనిషి, వచ్చిన లారీ, రాని వాన,
అందరికీ ఒకటే బండి
అని గర్వపడబోయి ఆగిపోయినా.
లారీ వచ్చింది.
బర్రె వచ్చింది.
మా అమ్మ వచ్చింది.
'వచ్చినాడు' అనిపించుకున్నది
ఇంట్లో మా నాయన ఒక్కడే.
ఇది బోర్డు మీద రాయలేదు.

సాయంత్రం నోటుబుక్కులు దిద్దుతుంటే
ఉరుకుందమ్మది చేతికొచ్చింది.
రెండో బెంచీ, ఎడమచేతి రాత,
ఈ ఏడు అవ్వకు తోడుగా ఊళ్ళో ఆగిన పిల్ల.
ఐదు వాక్యాలు రాయమన్నా.

మా అమ్మను ఎక్కించుకుపోయిన లారీ: విచ్.
టిక్కు పెట్టినా.
అమ్మ లేనినాడు మేత ముట్టని మా నల్లెద్దు: హూ.
ఎర్రగా గీత.
అడ్వాన్సు ఇచ్చి లెక్క చెప్పని మేస్త్రి: విచ్.
గీయబోతే
పెన్ను పాళీ కాగితంలో దిగబడింది.

మర్నాడు పిలిచి అడిగితే
తల ఒంచుకొని చెప్పింది:
"మా నల్లోడు పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు సార్.
మేస్త్రిని పిల్చి పిల్చి
మా యమ్మకు గొంతు పోయె."

నాలుగో వాక్యం వాళ్ళ నాయన మీద.
కూలి అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.
కొట్టేసి, పైన లేబరర్ అని రాసిచ్చినా.
"ఇంగ్లీషులో అది తిట్టు అమ్మా."
"ఇంట్లో తిట్టు గాదు సార్.
శనివారం కూలి వస్తే
అవ్వ కండ్లకద్దుకుంటాది."
"మన దిక్కు నుంచి పోయిన మాటే అంటారు.
పోయినాక అట్లయింది."
కాసేపు ఆలోచించింది.
"అంటే అది గూడా సుగ్గికి పోయిందా సార్?"

ఏ నిఘంటువులోనూ లేని అర్థం అది.
నా దగ్గర జవాబూ లేదు.
గంట కొట్టినారు, బతికిపోయినా.

ఐదో అంకె వేసి ఖాళీ వదిలిపెట్టింది.
ఎందుకని అడగలేదు.

మధ్యాహ్నం పైఆఫీసుకు ఫారం నింపాల.
గైర్హాజరు అనే గడిలో
ముప్పై మూడు అని రాసినా.
ఆ గడిలో హూ పట్టదు,
విచ్ కూడా పట్టదు,
రెండంకెలకే చోటు.

ఇంటికి పోతూ వాళ్ళ సందు మీదుగా పోయినా.
మూసిన తలుపులు వరసగా ఏడు,
ఎనిమిదో అరుగు మీద అవ్వ వక్కాకు నూరుతోంది.
గాటి ముందు సొప్ప పడింది పడినట్టే ఉంది.
చెప్పుల చప్పుడుకు
నల్లెద్దు దిగ్గున తలెత్తి చూసింది,
నేను కాదు ఎవరో అనుకొని.

చూసింది అని రాసినా.
కొట్టేసినా.
చూసినాడు.