మొద్దుల ఉన్నోళ్లు

మూసీ వెనక్కి పోతూ
మా గల్లీల రెండు విడిచిపెట్టింది,
మోకాలెత్తు బురద, మేకంత మొద్దు.
బురదను మూడురోజులు ఎత్తిపోసినం.
మొద్దు ఎవరిదని ఎవరూ అడగలే.
నేనే గుమ్మం పక్కకు దొర్లించిన,
ఫాల్ పీకోకు చీరలు తెచ్చేటోళ్లు
కూసోనీకి పీట అయితదని.

ఏ అడివిదో, ఎన్నడు ఒరిగిందో.
నీళ్లు గీకి గీకి నున్నగ చేసినయ్.
తొర్రల ఒక చెప్పు పట్టీ, గుప్పెడు ఇసుక,
ఎవరి దిష్టో తీసిన నిమ్మకాయ.

ఆరినంక మొదలైంది.
పొద్దున లేస్తే మొద్దు కింద
జల్లెడ పట్టిన జొన్నపిండి లెక్క
సన్నటి కుప్పలు.
ఊడ్చిన. తెల్లారి మళ్ల.
కుచ్చిళ్లకు అంటిన పొడి దులుపుకుంట ఒకామె
"ఏంది వదినె, మురుకులు చేస్తున్నవా?" అన్నది.

రాత్రి కరెంటు పోయి, మిషను ఆగి,
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద లారీలు సద్దుమణిగినంక
వినపడ్డది,
కిర్... కిర్...
గోటితో కొబ్బరిచిప్ప గీకినట్టు.
పక్కింటి సుగుణమణి సిస్టరు
డ్యూటీ సంచిలకెళ్లి స్టెత్ తీసి మొద్దుకు ఆనించింది.
శానాసేపు విన్నది.
"నాడి మంచిగనే ఉన్నది" అన్నది,
నవ్వకుండ.

వడ్ల నరహరాచారి ఉలి పిడితో తట్టి చూసిండు.
"ఇది చెద కాదు తల్లీ,
చెదకు మట్టి కావాలె, తొవ్వ కావాలె.
ఇది కట్టెపురుగు. పుట్టిందే దీంట్ల.
నీ తలుపులకు ఎక్కకముందే కాలబెట్టు."

కాలబెట్టబుద్ధి కాలే.
సిరంజితో బొక్క బొక్కకు గ్యాసునూనె ఎక్కించి
మైనంతో మూతలు పెట్టిన.
మూడు దినాలు ఊకున్నయ్.
నాలుగోనాడు మైనం పక్కనే కొత్త బొక్క,
దబ్బనం దూరేంత, గుండ్రంగ.
నా మిషను సూది కూడ అంత సాపుగ పొడవదు.

నల్ల ప్లాస్టిక్ చుట్టి డాబా మీద ఎండల పెట్టిన.
లోపలికి జరిగి కూసున్నట్టున్నయ్,
పొద్దు గూకంగనే మళ్ల పని షురూ.

ఆఖరికి ముక్తార్ భాయ్‌ని డేగిసా అడిగిన.
వలీమాలకు దమ్ పెట్టేటోడు,
"కిత్నా కిలో?" అన్నడు.
మొద్దును చూపెట్టిన.
గడ్డం గోక్కొని
"ఇంత ముదురు గోష్ నా జిందగీల వండలే" అని
పొయ్యికింద కట్టెలు తానే సర్దిండు.
రాళ్లుప్పు రెండు దోసిళ్లు పోసిండు.

మొద్దు తేలింది, వరదల తేలినట్టే.
పొత్రం మీద పెట్టి ముంచినం.
నీళ్లు చాయ్ రంగుకొచ్చినయ్, తర్వాత కషాయం రంగుకు.
గంట గడిచినంక పైకొచ్చినయ్,
తెల్లగ, నానిన బియ్యపు గింజలంత,
తలకాయలు మాత్రం గోధుమరంగు.
గల్లీ పిల్లలు లెక్కపెట్టి లెక్కపెట్టి
నూటపదకొండు కాడ తప్పిపోయిన్రు.

చెట్టు కూలినప్పుడు ఇవి దిగలే.
నీళ్లల్ల పడ్డప్పుడు దిగలే.
చెరువు గేట్లు దాటి, బ్రిడ్జీల కాళ్లకు గుద్దుకొని,
చీకట్ల తినుకుంట తినుకుంట
ఊరు మారిందని కూడ ఎరుగకుండ
నా గుమ్మం దాకా వచ్చినయ్.

పోయిన నెల మా గోడ మీద ఎవరో
ఎర్రరంగుతో ఒక నంబరు రాసిపోయిన్రు.
తడిబట్టతో తుడిస్తే పోలే.
దాని మీదికెళ్లి ఫాల్ పీకో బోర్డు వేలాడదీసిన.

"మర్‌గయే?" అన్నడు ముక్తార్ భాయ్, గరిటెతో కలుపుకుంట.
"సచ్చినయ్" అన్న.
డేగిసాను చింతపండుతో మూడుసార్లు తోమి ఇచ్చిన.
నాలుగోసారి ఆయన తోముకున్నడు.

ఇప్పుడు మొద్దు గుమ్మం పక్కన్నే ఉన్నది.
పిండి రాలదు. తడితే డప్పు లెక్క మోగుతది.
కూసున్నోళ్లు బొక్కలల్ల వేళ్లు పెట్టి చూస్తరు,
ధర ఎంతని కూడ ఒకాయన అడిగిండు.

మొన్న వాన రాత్రి కరెంటు పోతే
సిస్టరు, నేను దాని మీదే కూసున్నం.
మూసీ మోత వినపడుతనే ఉన్నది.
ఆమె సంచిలకెళ్లి స్టెత్ తీసింది,
మొద్దుకు కాదు,
బోర్డు పక్కకు జరిపి గోడకు ఆనించింది.
ఏం వినపడ్డదని
నేను అడగలే.