ఓవర్‌టైమ్

మంగళవారం రాత్రి, మునిసిపల్ హాలు నేలమాళిగలో
తొమ్మిదిమందిమి, ఇరవై కుర్చీలు.
పెన్సిల్వేనియా బొగ్గంతా తవ్వుకుపోయాక
మిగిలినవాళ్లం.

మినిట్స్ రాసేది నేను.
కొత్త పోలీసు కారు: అరవై రెండు వేల డాలర్లు.
ఓవర్‌టైమ్: నిరుటికి రెండింతలు.
శుక్రవారాలు లైబ్రరీ మూత.
ఈ చివరిది ఎవరూ చదవమనలేదు,
నేనే చదివాను.

వర్నా స్టాసిక్ లేచింది.
చేతిలో పన్ను నోటీసు, మడతల దగ్గర చిరిగి.
"డైనర్ ముందు రాత్రంతా ఇంజను ఆపరు.
అక్కడ కాలేది నా ఇంటికప్పు వేయించాల్సిన డబ్బు."
చీఫ్ రుషాక్ టోపీ తిప్పుతూ కూచున్నాడు,
జవాబివ్వలేదు.

ఫిబ్రవరిలో ఆమె మొగుడు మతి తప్పి
పైజామాతో మంచులోకి నడిచిపోయిన రాత్రి
తెల్లారేదాకా వెతికి, రైలు పట్టాల పక్కనుంచి
తన కోటు కప్పి మోసుకొచ్చింది ఈయనే.
ఏడు గంటలు. పద్దులో ఉంది.

ఆ సంగతి ఆయన ఎత్తలేదు.
ఆమే ఎత్తింది:
"ఆ ఏడు గంటలూ నేను కడతా, డెల్.
చచ్చేదాకా కడతా.
మిగతా నాలుగొందల గంటల లెక్క చెప్పు."

హీటరు టకటకమంది.
ఏం రాయాలో తోచక
టైము రాశాను:
తొమ్మిదీ ఇరవై.