నిలబడితే కాగే బండి

టిన్ ఫ్యాక్టరీ కాడ, మెట్రో స్తంభం పక్కన
పొద్దున ఏడుంబావుకి
ముల్లు ఎర్రగీత దాటింది.

వెనకాల ఎనిమిది వందల కిలోల చేపలు.
మైపాడు వంజరం, చందువా, కాసిని కానాగంతలు
థర్మాకోల్ పెట్టెల్లో ఐసు కప్పుకుని పడుకున్నాయి.
ముందర బానెట్ సందుల్లోంచి ఆవిరి.
మధ్యలో నేను.
ఫోను మోగుతోంది,
రసెల్ మార్కెట్ నుంచి ఆరోసారి.

మొదట పుట్టిన బుద్ధి ఏందంటే
పెట్టె ఒకటి పగలగొట్టి
ఆ ఐసంతా ఇంజను మీద కుమ్మరిద్దామని.
"పోసినావో, బ్లాకు పగుల్తుంది"
అన్నాడు జబీవుల్లా, స్కూటరుకి స్టాండు వెయ్యకముందే.
కాగి ఉన్నోడి మీద చన్నీళ్లు గుమ్మరిస్తే
చల్లబడడంట, చిట్లుతాడంట.
రేడియేటరు మూత మీద కూడా చెయ్యి వెయ్యనీలేదు.
తడిగుడ్డ భుజానేసుకుని
ఫుట్‌పాత్ అంచున కూర్చుని
టీ తెప్పించాడు. డబ్బులు నావే.

"యాడ కాగింది?"
"ఈడనే."
"అంతకుముందు?"
రాత్రంతా వెనక్కి తిరిగి వెతికాను.
నాయుడుపేట దాకా ఏమీ లేదు.
మొగిలి ఘాట్‌లో ఇంత లోడుతో ఎక్కుతున్నా
ముల్లు సగం కాడ బుద్ధిగా నిలబడింది.
ముళబాగిలు, కోలారు
గాలి ముఖాన కొడతా ఉంటే ఈల వేసుకుంటా దాటినా.
హోస్కోటె టోలు క్యూలో కొంచెం కదిలింది.
కె.ఆర్. పురం వంతెన కింద ఇంకొంచెం.
అడక్కపోయినా ఒకటి ఒప్పుకున్నాను:
పోయిన నెల కూలెంటు డబ్బులు మిగుల్చుకుని
బోరునీళ్లు పోసినానని.
"అది వేరే జబ్బు" అన్నాడు, "దాని రోజు దానికుంటది."

పరిగెత్తితే బాగుంటుంది. నిలబడితే కాగుతుంది.
ఈ రెండు ముక్కలూ తనలో తాను
రెండుసార్లు అనుకుని లేచాడు.

ఆయిలు పుల్ల లాగి ఎండకి పట్టాడు.
పాలచాయ లేదు, హెడ్డు క్షేమం.
పై గొట్టం గుడ్డతో పిండి చూశాడు, కింది గొట్టం పిండాడు.
రెండూ కాలుతున్నాయి,
అంటే లోపల తలుపు తెరుచుకుంది, నీళ్లు నడుస్తున్నాయి.
బెల్టు బొటనవేలితో నొక్కాడు. బిగువుగానే ఉంది.
అప్పుడు
ఆగి ఉన్న ఫ్యాను రెక్కని
ఒక్క వేలితో తట్టాడు.

తిరిగింది.
తిరునాళ్లలో పిల్లోడి చేతి కాగితపు చక్రంలా
తిరుగుతూనే ఉంది.

"వేడిలో ఇది పట్టు బిగించాల,
చేతికి అడ్డం పడాల.
నడుములో నూనె కారిపోయింది.
తిరగతా ఉంటది అంతే, గాలి లాగదు."

మూడొందల ఎనభై కిలోమీటర్లు
ఎదురుగాలే దాని పని చేసిపెట్టింది.
ఎన్నాళ్లుగా ఇలా ఉందో నాకేం తెలుసు.
తిరుగుతున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

జె.సి. రోడ్డులో షాపు తీసేది పదిన్నరకి.
ఐసు అందాకా ఆగదు.
డాలా మూలనుంచి నీళ్లు సన్నగా జారి
ఒక పిల్లి దాకా పోతున్నాయి.

మూత నిదానంగా తిప్పి, పూర్తిగా ఊపిరి వదిలాక
గుక్క గుక్కగా నీళ్లు పట్టించాడు.
"హీటరుందా బండిలో?"
ఉంది. నెల్లూరోడికి హీటరు దేనికి,
ఐదేళ్లలో ఆ నాబు ఒక్కసారీ ముట్టుకోలేదు.
"ఫుల్లు పెట్టు. అద్దాలు దించు.
సిగ్నలు పడితే ఇంజను ఆపెయ్.
దాని వేడి కొంత
నువ్వు తీసుకో."
మూడొందలు తీసుకుని వెళ్లిపోయాడు.

నాబు తిప్పాను.
ఐదేళ్ల దుమ్ము, ఎప్పటిదో చచ్చిన పురుగు వాసన,
దాని వెనక ఇంజను ఊపిరి
నేరుగా నా ముఖం మీద.
హలసూరు మలుపు కాడికి బనీను పిండితే కారేట్టుంది.
పక్కన ఆటోవాడు నన్నూ బండినీ మార్చి మార్చి చూశాడు.
ముల్లు ఒక గీత దిగింది.

ఏడోసారి ఫోను ఎత్తాను.
"చెంగయ్యా, చేపలు చల్లగా ఉన్నాయా?"

"చేపలకేం" అన్నాను.