లోపలికి తెరుచుకునే తలుపు

గుర్రం దిగగానే అందరూ అడిగేది ఒకటే:
ఎవరు కట్టారు దీన్ని, ఇంత పైన, ఏం పని మీద?
బూట్లు విప్పండి, చెబుతాను.
ఇక్కడ టీలో ఉప్పు వేస్తాం, వెన్న కూడా.
ముఖం చిట్లించకండి, రెండో గుక్కకి అలవాటవుతుంది.

ఆల్తాయ్ కొండల్లో రోడ్డు ఆగిపోయిన చోటునుంచి
రెండు రోజుల గుర్రపు దారి ఇది.
యాభై రెండులో ప్రభుత్వానికి చలి లెక్కలు కావలసి వచ్చాయి.
మ్యాపు మీద చుక్క పెట్టినవాడు
ఈ సరస్సుని చూడనే లేదు.
ఆ చుక్క మీదికి సామాను మోసినవి మా తాత గుర్రాలు.

వడ్రంగి ఎవ్లాంపి. పాత ఆచారపు క్రైస్తవుడు, బొడ్డు దాకా గడ్డం,
పరాయివాళ్లు తాగిన గ్లాసు ముట్టడు,
చెక్కగిన్నె ఒకటి నడుముకి కట్టుకు తిరిగేవాడు.
ఒక్క మేకు లేకుండా దుంగలో దుంగ కూర్చాడు,
సందుల్లో నాచు కుక్కాడు,
తలుపు మాత్రం లోపలికి తెరుచుకునేలా బిగించాడు.
ఇంజనీరు కాగితంలో అది బయటికి ఉంది.
"కాగితం మీద మంచు పడదుగా" అన్నాడట.
ఆ మనిషివి మా ఇంట్లో మిగిలినవి
ఆ మాటా, ఈ గోడలూ.

ముగ్గురు వచ్చి ముగ్గురూ పారిపోయాక
అరవై ఒకటిలో కపితోలినా వచ్చింది
ఒక పెట్టె, ఒక రేడియో, గంపలో పిల్లి.
మూడు గంటలకోసారి, పగలనక రాత్రనక,
అదిగో ఆ తెల్ల పెట్టె తెరిచి పాదరసం చదివేది,
చుక్కలూ గీతలూ చేసి బర్నౌల్‌కి పంపేది.
కట్టెలు కొట్టడానికి వచ్చిన మా మేనత్త కూముష్
గొడ్డలి పక్కన పెట్టి అంకెలు నేర్చుకుంది.
రాత్రి వంతు ఆమెది.

తొంభై రెండులో జీతం ఆగింది.
ఆ పై ఏడు హెలికాప్టర్ ఆగింది.
ఆ పైన రేడియోలో అవతలి మనిషి ఆగాడు.
పిలిచారు. గాలి పలికింది.
మళ్లీ పిలిచారు.

ఆ చలికాలపు పుస్తకం నా దగ్గరుంది.
జనవరి పద్నాలుగు, తెల్లవారుజాము మూడు:
మైనస్ నలభై ఒకటి.
పక్కన అత్త రాత: ఎవరూ వినడం లేదు.
దాని కింద ఎర్ర పెన్సిల్‌తో కపితోలినా:
అయినా నలభై ఒకటే.

ఆరేళ్లు అలా నడిచింది.
ఆమెను ఆస్పత్రికని స్లెడ్జి మీద కిందికి దించాం.
పిల్లుల సంతానం మా దగ్గరే ఉంది.

తర్వాత నొవొసిబిర్స్క్‌నుంచి గెర్మన్ అని ఒకడు కొన్నాడు.
వేట విడిది అని బోర్డు పెట్టాడు.
ఎలుగు తోలు సిటీలో కొని
ఎలుగులున్న కొండకి మోయించాడు.
ముప్పై ఏళ్ల పుస్తకాలు పొయ్యిలో పెట్టి
చలి లెక్కలతో చలి కాచుకున్నాడు.
(అత్త పరుపు కింద దాచినవి ఏడు మిగిలాయి.)
గదిలో చోటు కలిసొస్తుందని
తలుపు ఊడదీసి బయటికి తిప్పించాడు.

ఫిబ్రవరిలో మూడు రోజులు కురిసింది.
పొగగొట్టం కొన చూసి
ఇల్లు ఎక్కడుందో పోల్చుకున్నాడు మా నాన్న.
కిటికీ పగలగొట్టి బయటికి లాగితే
తలుపుని నెట్టీ నెట్టీ గెర్మన్ భుజం నల్లబడి ఉంది.
మంచు కరిగే లోపే అమ్మకానికి పెట్టాడు.
పదకొండు గుర్రాలు అమ్మి కొన్నాం.

మొదటి రోజు చేసిన పని తలుపు తిప్పడం.
ఎవ్లాంపి తొలిచిన గాడి దుంగలో అలాగే ఉంది,
దుమ్ము ఊదితే చాలు,
బందులు వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి.

ఇక మీ గది. అన్నట్టు ఒక మాట,
రాత్రి మూడింటికి అడుగుల చప్పుడు వినిపిస్తే భయపడకండి.
మా అత్తకి ఎనభై నిండాయి,
ఆ వేళకి నిద్ర ఉండదు.
టార్చి పట్టుకుని తెల్ల పెట్టె దాకా వెళ్లొస్తుంది.
తలుపు లోపలికి లాగినప్పుడు
కాస్త చలి వస్తుంది.
ఇంకో దుప్పటి ఇదిగో, కాళ్ల దగ్గర పెడుతున్నాను.