జాయింటు మీరావలి

గాంధీనగర్‌లో సినిమా ఆఫీసులు
ఒక్కొక్కటే చీరల కొట్లయ్యాక కూడా
ఆయన గోళ్ళ సందుల్లో సిమెంటు వాసన పోలేదట.
ముప్పై ఎనిమిదేళ్ళు ఫిల్ముకి జాయింట్లు వేసిన చెయ్యి
ఇవాళ నా బల్ల మీద పాలిపోయి, సూది కోసం చాచి ఉంది.

తుంటి ఎముకలోంచి మూలుగ తీసిన రోజు
నొప్పి మరిపిద్దామని, ఏం పని చేసేవారని అడిగాను.
అదే తప్పయింది. మూడు వారాలుగా చెబుతూనే ఉన్నాడు.

మాచర్ల నుంచి, తిరువూరు నుంచి
బస్సు టాపు మీద కాగి వచ్చే రేకు పెట్టెలు.
పళ్ళూడిన రీళ్ళు.
రెండో ఆట త్వరగా ముగించాలని
ఆపరేటరు కోసి దాచుకున్న పాటలు.
"బ్లేడుతో పైపొర గీకాలి అపరంజమ్మా,
గీతకి గీత ఆనాలి.
నాలుగు ఫ్రేములు ముందు కోశావో,
మనిషి తలుపు తియ్యకుండానే గదిలో ఉంటాడు.
జనం ఈలేస్తారు."

నిన్న రిపోర్టు చేత్తో పట్టుకుని
"నాకేం చెడిందమ్మా?" అన్నాడు.
నా దగ్గరున్న మాటలేవీ ఆయనవి కావు.
ఆయనవే అప్పు తీసుకున్నాను.

కణం నడుమ తాళం వేసిన గదిలో అసలు నెగటివు.
బయటికొచ్చేది కాపీ.
అందులో అక్కర్లేని ముక్కలు బోలెడు.
కోసి, మిగిలింది అతికి పంపేవాళ్ళున్నారు, మీలాంటివాళ్ళే.
మీ మూలుగలో కొన్ని కణాల్లో
ఆ కోసేవాడికి ఒక్క అక్షరం మారి చూపు చెడింది.
గుర్తుకి ఇరవై అక్షరాలు ముందే కత్తెర వేస్తున్నాడు.
ఇనుము దారి తప్పి, కేంద్రకం చుట్టూ
నీలి పూసల దండై నిలిచిపోయింది.
చెప్పకూడదు గానీ, చూడ్డానికి అందంగానే ఉంటుంది.

"అయితే నాది వృత్తి జబ్బే" అని నవ్వాడు.
"వాణ్ణి పనిలోంచి తీసెయ్యరాదూ?"

తీసేస్తే మంచి కణాల్లోనూ పనాగుతుంది.
అందుకే ఓ ఎర రీలు చుడుతున్నాం.
విషం పుట్టే సీను, నడుమ అడ్డంగా ఒక ముక్క.
సరైన చేతికి ఆ ముక్క అంచు కనబడదు,
కొయ్యదు, బొమ్మ పడదు, కణం బతుకుతుంది.
తప్పుగా కోసే చేతికి మాత్రం
అదే అచ్చమైన గుర్తు.
కోస్తాడు. అతుకుతాడు.
ఆడిన హాలే కూలుతుంది,
పక్క హాలుకి చప్పుడైనా వినబడదు.

చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీ కింద ఏలూరు కాలువ వంతెన మీద ఆటోల గోల.
వేళ్ళు మాత్రం గాల్లో ఏదో తడుముతున్నాయి.

"మంచోడి చెయ్యీ జారుతుందమ్మా.
వెయ్యికొకటి నాదీ జారింది.
అప్పుడో?"

ఆ ఒక్క ప్రశ్న మీదే మాకు ఏడాదిన్నర పోయింది.
గాజు పళ్ళేల్లో ఫరవాలేదు.
ఎలుకల్లో లెక్క ఇంకా తేలలేదు.
మనుషుల దాకా ఎప్పుడో తెలీదు. చెప్పేశాను.
ఆయనకి పదిహేను రోజులకో రక్తం సంచీ,
ఇప్పటికి మా చేతిలో ఉన్నది అదే.

"కంటితో వెతక్కండి.
చెడ్డ అతుకు కంటికి దొరకదు.
రీలు తిరుగుతుంటే అంచున రెండు వేళ్ళు ఆనించి ఉంచాలి.
అదే గుచ్చుతుంది."

లేచి, వెళ్ళబోతూ ఆగి,
ఆ పూసల దండ ఒకసారి చూపించమన్నాడు.
సూక్ష్మదర్శిని మీద వంగాడు,
ప్రొజెక్టరు గది కంతలోంచి తెరని చూసే మనిషిలా,
ఒక కన్ను మూసి.
ఫోకసు నేను చెప్పకుండానే సరిచేసుకున్నాడు.