తెలుపు అచ్చు పడదు

ఆ కంపెనీ మూతపడి ఆరేళ్లు.
ఆ రకం విమానం బొమ్మ అంగట్లో దొరుకుతుంది గానీ
దాని ఒంటి మీది డెకాల్స్ ఎవరూ అమ్మరు.
"తోక మీద తెల్లకొంగ, చుట్టూ నీలం,
నడుముకు ఒక గీత. నువ్వే అచ్చెయ్యాలె సారూ"
అన్నాడు పోశెట్టి,
షార్జా రోలా సందులో మా జిరాక్సు కొట్టు ముందు
మందుల షాపు సంచిలోంచి
అతికీ అతకని విమానాన్ని బయటికి తీసి.

ఎనిమిదేళ్లు దాని కడుపులోకి పెట్టెలు ఎక్కించాడు.
దాని సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు.
ఇంటికి పోయినప్పుడల్లా
వేరే కంపెనీ టికెట్టే చవగ్గా దొరికేదట.

ఫోటో లేదు. అక్కడ ఫోను తీస్తే ఉద్యోగం పోయేది.
కొలతలన్నీ ఒంట్లో దాచుకున్నాడు:
కార్గో తలుపు గడప తన ఛాతీకి,
గీత సరిగ్గా తన కళ్లకి,
కొంగ ముక్కు చూడాలంటే టోపీ కింద పడాల్సిందే.
నూట నలభై నాలుగో వంతుకి కుదించి
ముందు మనిషినే గీశాను తెర మీద.
పన్నెండు మిల్లీమీటర్లు వచ్చాడు పోశెట్టి.
విమానాన్ని అతన్ని పట్టే కొలిచాను.

కంపెనీ పేరు అరబ్బీలో కొడితే
అక్షరాలు చేతులు వదిలేసుకుని
బస్టాపులో కొత్తవాళ్లలా ఎడంగా నిలబడ్డాయి.
పక్క కొట్టు నిజార్ వచ్చి, నవ్వి, కలిపి వెళ్లాడు.

తెలుపు దగ్గర ఆగిపోయాం.
నా ప్రింటరుకి సీసాలు నాలుగు,
నీలం, గులాబి, పసుపు, నలుపు.
తెలుపంటే దానికి కాగితం చూసుకునే పని.
అద్దంలాంటి డెకాల్ కాగితానికేమో
తనదంటూ రంగే లేదు.
ఇక కొంగ ఎక్కణ్నించి వాలుతుంది?

తోకంతా ముందే తెల్లరంగు వేసుకో,
నేను నీలం ఒక్కటే అచ్చేస్తాను,
కొంగంత చోటు వదిలేసి, అన్నాను.
చాలాసేపు తెర వంకే చూశాడు.
"అంటే కొంగను మనం చెయ్యం.
దాని చుట్టుపక్కల చేస్తం."

మొదటి షీటును ఆగస్టు మింగింది.
మేడ మీద వార్నిష్ కొట్టానో లేదో
గాలిలో చెమ్మ తగిలి
పొరంతా పాలిపోయింది విరిగిన పాలలా.
"గిప్పుడొచ్చిందా నీ తెలుపు!"
ముప్పై ఐదు దిర్హాములు.

రెండోది ఏసీ గదిలో,
ముక్కుకి తువ్వాలు కట్టుకుని, మూడు పూతలు.
గోరువెచ్చటి నీళ్లకి పొయ్యి వెలిగించక్కర్లేదు,
ఈ నెలలో ఇక్కడ చన్నీళ్ల కుళాయిది పేరు మాత్రమే.
టీ గ్లాసులో పట్టి కాసేపు ఆరనిచ్చి
కత్తిరించిన ముక్కను వదిలాం.
ముప్పై లెక్కపెట్టేసరికి
పాల మీద మీగడలా కదిలింది నీలం.

ముప్పై కిలోల సంచుల్ని గిరాటేసిన చేతులు
కుంచె మొనతో ఆ నీలాన్ని
తోక మీదికి తోశాయి, ఊపిరి బిగబట్టి.
వంపులో ముడత.
ఒక చుక్క వెనిగర్. ముడత కరిగింది.
కొట్టంతా మాగాయ వాసన కాని మాగాయ వాసన.
ఇంకు పడనిచోట
కొంగ.

అయిపోయిందనుకున్నాను.
"ఇంకొకటుంది సారూ, తలుపుకు లోపల."
అసలు విమానానికి కార్గో తలుపు లోపలివైపు
నలుగురు లోడర్లు మార్కరుతో పేర్లు రాసుకున్నారట,
తనదీ, బషీర్‌దీ, జునైద్‌దీ, కుమరేశన్‌దీ.
సూపర్‌వైజర్ తుడిపిస్తే మళ్లీ రాసేవారట.

తలుపు అంటించేశాక కనపడదు కదయ్యా అన్నాను.
"అప్పుడు గూడ ఎవలకు కనపడ్డది?"

రెండో షీటు అంచున ఉన్నాయి నాలుగు పేర్లూ,
చీమ కాలంత.
భూతద్దం పెట్టి చూశాను.
బషీర్ బాగున్నాడు, మిగతా ఇద్దరూ బాగున్నారు.
పోశెట్టికి మాత్రం
ట వొత్తు ఊడి పక్కన పడింది.

అతను చూడలేదు.
జిగురు సీసా మూత తిప్పుతున్నాడు.

ముప్పై ఐదు దిర్హాములు.
మూడో షీటు పెట్టాను.